మరల వచ్చిన బేరంగు ఉత్తరము
(ఈ-మెయిల్ ద్వారా వర్తకము: ఒక చరిత్ర)

తపాలా బిళ్ల అంటింపని ఉత్తరమును మనవారు బేరంగు ఉత్తరము అందురు. దాని రుసుమును పంపినవాడు చెల్లింపడు. అందుకొన్నవాడు, అదియును రెట్టింపుగా, చెల్లింపవలెను. బేరంగు వచ్చినదనగానే గృహస్థు ముఖము చిట్లించుటకు కారణ మిదియే. నేడు జనులు దినదినమును అందుకొను ఈ-మెయిల్ కూడ ఒక విధముగా బేరంగు ఉత్తరమే. దానిని పంపుటకు అగు వ్యయము లెక్కకు రానంత స్వల్పము. నిలువచేయుటకు, వడపోయుటకు, చదువుటకు, చెరిపివేయుటకు అగు శ్రమయు, వ్యయమును చాలవరకు అందుకొనువారిపై పడును. ఈ ఒక్క విషయమును గ్రహించినచో, ఈ-మెయిల్ వర్తకమునకు ఎట్లు ఉపకరించినదో, ఎట్లు చెడినదో, చిన్న వర్తకుడు దానిని ఏ విధముగా వాడుకొనవలెనో తేటపడును.

బిళ్ల పుట్టుక

19వ శతాబ్ది ప్రారంభమున ఇంగ్లండులో ఉత్తరపు రుసుము దూరమును బట్టియు, కాగితముల సంఖ్యను బట్టియు మారుచుండెను. దానిని సాధారణముగా అందుకొన్నవాడే చెల్లించుచుండెను. ఇష్టము లేనివాడు ఉత్తరమును తిప్పి పంపెడివాడు. అంతదూరము మోసిన శ్రమ వ్యర్థమగుచుండెను. 1837లో రోలండ్ హిల్ అను నతడు తపాలా సంస్కరణమును గూర్చి ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. ఉత్తరమును మోయుటకు అగు ఖర్చు మిక్కిలి స్వల్పమనియు, ఇంటింట రుసుము లెక్కించి వసూలు చేయుటకే అధికముగ ఖర్చగుచున్నదనియు ఆయన లెక్కలు కట్టి చూపెను. దూరముతో నిమిత్తము లేక అర ఔన్సు ఉత్తరమునకు ఒక్క పెన్నీ, దానిని పంపువాడే ముందుగా చెల్లింపవలెను అనునది ఆయన సూచన. 1840 జనవరిలో ఇది అమలునకు వచ్చెను. అదే సంవత్సరము మే నెలలో తొలి తపాలా బిళ్ల వెలువడెను. 1839లో సుమారు 7 కోట్ల 60 లక్షలుగా నున్న ఉత్తరముల సంఖ్య 1840లో సుమారు 16 కోట్ల 90 లక్షలకు పెరిగెను.

మన దేశమున 1854 అక్టోబరు 1 నుండి దేశమంతటికిని ఒకే రేటు ఏర్పడెను. పావు తులము ఉత్తరమునకు అర అణా. 1877లో వి.పి.పి. పద్ధతియు, 1879లో పావు అణా కార్డును వచ్చెను. వస్తువును తపాలాలో పంపి, అది చేరిన పిమ్మట తపాలా బంట్రోతు ద్వారా వెల రాబట్టుకొను వి.పి.పి. పద్ధతి వలన, పట్టణమున దుకాణము లేని చిన్న వర్తకుడు సైతము దూరపు కొనుగోలుదారునితో వ్యవహరింపగలిగెను. అమెరికాలో 1872లో మాంట్‌గొమెరీ వార్డ్ అను వర్తకుడు ఒకే కాగితముపై 163 వస్తువుల జాబితా అచ్చువేసి, పల్లెలలోని రైతులకు తపాలాలో పంపి వ్యాపారము ప్రారంభించెను.

వీటన్నిటియందును ఒక సామాన్య ధర్మము కలదు. ప్రతి ఉత్తరమునకును పంపువాడు కొంత చెల్లించుచుండెను. కావున ఎవరికి వ్రాయవలెను, ఎవరికి అక్కరలేదు అని అతడు ఆలోచింపక తప్పదు. అడుగని ప్రకటనలు ఆనాడును లేకపోలేదు. 1864లో లండనులో గాబ్రియెల్ అను దంతవైద్యులు తమ వైద్యశాలను గూర్చి కొందరు ప్రముఖులకు తంతి నిచ్చిరి. ఏ అశుభవార్తయో యని తొందరపడి విప్పిన పెద్దమనిషి అది పండ్ల వైద్యుని ప్రకటన యని చూచి, కోపముతో టైమ్స్ పత్రికకు లేఖ వ్రాసెను. కాని తంతికి ఖర్చు హెచ్చు. అందుచేత ఆ ఆచారము వ్యాపింపలేదు. బిళ్ల ఖరీదు కేవలము రుసుము కాదు. అది ఒక ఆనకట్ట.

కంప్యూటరులో తపాలా

1965లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో, ఒకే పెద్ద కంప్యూటరును పలువురు పంచుకొను వ్యవస్థ యందు, ఒకరి పెట్టెలో మరియొకరు సందేశము వదలు ఏర్పాటును టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మారిస్ అనువారు సమకూర్చిరి. అది ఒకే యింటిలోని గదుల మధ్య చీటీ పంపుట వంటిది. 1969లో ఆర్పానెట్ అను వల కంప్యూటరులను కలిపెను. 1971లో రే టామ్లిన్సన్ అను ఇంజనీరు ఒక కంప్యూటరు నుండి వల మీదుగా వేరొక కంప్యూటరులోని పెట్టెకు ఉత్తరము పంపెను. ఆ రెండు యంత్రములును ఒకే గదిలో ప్రక్కప్రక్కనే యుండెను. వాని మధ్య నున్న మార్గము మాత్రము ఆర్పానెట్టే.

మనిషి పేరును యంత్రము పేరును వేరుచేయుటకు టామ్లిన్సన్‌కు ఒక గుర్తు కావలసి వచ్చెను. పేరులలో రానిదియు, మీటల పలకపై ఉన్నదియు అగు @ ను ఆయన ఎన్నుకొనెను. ఈ గుర్తు వర్తకుల చిట్టాలలోనిది. 'ఇన్ని సంచులు, ఒక్కొక్కటి ఇంత చొప్పున' అని వ్రాయునపుడు ఆ 'చొప్పున' అను మాటకు బదులుగా దానిని వాడెడివారు. వర్తకుని గుర్తు ఇట్లు ఉత్తరపు చిరునామాలో చేరెను. వర్తకుడు వెనువెంటనే వచ్చెను.

ఈ తపాలాలోని లోపమును ముందుగా పసిగట్టినవారిలో జాన్ పోస్టెల్ ఒకడు. 1975 నవంబరులో వెలువరించిన 706వ సంఖ్య గల పత్రములో, అక్కరలేని ఉత్తరములు పంపు యంత్రమును ఎంచి నిరాకరించుటకు వలలో ఏ ఉపాయమును లేదని ఆయన సూచించెను. మూడు సంవత్సరములైనను గడువకమునుపే అది నిజమయ్యెను.

డిజిటల్ ఎక్విప్‌మెంట్ అను కంప్యూటరు కంపెనీలో గేరీ థర్క్ విక్రయాధికారి. తమ క్రొత్త కంప్యూటరులను చూపుటకు కాలిఫోర్నియాలో రెండుచోట్ల ప్రదర్శనలు ఏర్పాటుచేసి, అచ్చులో నున్న ఆర్పానెట్ చిరునామాల పుస్తకము నుండి పడమటి తీరమువారి పేర్లను ఏరి, 1978 మే 3న సుమారు 400 మందికి ఒకే ఆహ్వానమును పంపించెను. చిరునామాల కొరకు కేటాయించిన స్థలము చాలక, మిగిలిన చిరునామాలు పొర్లి ఉత్తరములోనికే వచ్చిపడెను. ప్రభుత్వ పరిశోధన కొరకు ఏర్పడిన వలను అమ్మకమునకు వాడినందుకు వల నిర్వాహకులు కంపెనీని మందలించిరి. కాని ఆ ఉత్తరము వలన కోటి డాలర్లకు మించిన అమ్మకములు జరిగినవని థర్క్ తరువాత చెప్పుకొనెను. ఈ ఒక్క సంఘటనలో ఈ-మెయిల్ వర్తకపు రెండు ముఖములును కన్పించుచున్నవి: అది పనిచేయును, అది విసుగు పుట్టించును.

ప్రశ్న అడుగని తపాలా

1982 ఆగస్టులో అదే జాన్ పోస్టెల్ ఉత్తరములను ఒక యంత్రము నుండి మరియొక యంత్రమునకు అందించు నియమావళిని ప్రకటించెను. దానికే ఎస్.ఎం.టి.పి. అని పేరు. అది రెండు యంత్రముల మధ్య సంభాషణ వంటిది. మొదటిది పలుకరించును, ఉత్తరము ఎవరి నుండి వచ్చినదో, ఎవరికి చేరవలెనో చెప్పును, పిమ్మట ఉత్తరమును చదివి వినిపించును. రెండవది ప్రతి మాటకును 'సరే' యనును. 'నీవు నిజముగా ఆ మనిషివేనా?' అని మాత్రము అడుగదు. పైగా కవరుపై నొక పేరు, లోపలి ఉత్తరములో వేరొక పేరు ఉన్నను దానికి అభ్యంతరము లేదు. వలలోని వారందరును ఒకరికొకరు తెలిసిన కాలమున ఈ నమ్మకము సహజమే. ఆ కాలము గతించిన పిమ్మట అదియే దొంగలకు ద్వారమయ్యెను.

ఈ తపాలాకు తొలుత రోమను అక్షరములు తప్ప వేరు లిపి రాదు. 128 సంకేతములలోనే అన్నియు ఇమడవలెను. అందుచేత 1990 ప్రాంతములలో విదేశములందలి తెలుగువారు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున రూపొందిన పద్ధతి వంటి వానితో తెలుగును రోమను లిపిలో వ్రాసికొనుచుండిరి. 1991 నాటి యూనికోడ్ తొలి ప్రతిలో తెలుగునకు స్థానము లభించెను. 1992లో చిత్రములను, ఇతర లిపులను ఉత్తరములో చేర్చు 'మైమ్' పద్ధతి వచ్చెను. యు.టి.ఎఫ్.-8 అను సంకేత పద్ధతిలో రోమను అక్షరమునకు 1 బైటు చాలును. తెలుగు సంకేతమునకు 3 బైట్లు కావలెను. 'తెలుగు' అను మాటలో హల్లులు 3, గుణింతపు గుర్తులు 3. మొత్తము 18 బైట్లు. ఇది స్వల్ప వ్యయమే. తెలుగు వర్తకుడు తెలుగు కొనుగోలుదారునికి తెలుగులోనే వ్రాయుటకు ఇపుడు యంత్రము అడ్డుగాదు.

వరద

1995లో అమెరికా ప్రభుత్వపు వల తొలగి, ఇంటర్నెట్ పూర్తిగ వర్తకమునకు తెరువబడెను. అదే సంవత్సరము ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించెను. 1996 జూలై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ అనువారు హాట్‌మెయిల్ అను ఉచిత తపాలాను స్థాపించిరి. అందుండి వెళ్లు ప్రతి ఉత్తరము క్రిందను 'మీరును ఉచితముగా చిరునామా పొందుడు' అను భావము గల వాక్యమొకటి చేర్చబడెడిది. స్నేహితుడు స్నేహితునికి వ్రాసిన ఉత్తరమే ప్రకటనయై, సంస్థ శీఘ్రముగ వ్యాపించెను. 1997 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ దానిని సుమారు 40 కోట్ల డాలర్లకు కొన్నది.

మంచి దారిన పోవువారితో పాటు చెడుదారి పట్టినవారును బయలుదేరిరి. పిలువని ఉత్తరములకు 'స్పామ్' అను పేరు స్థిరపడెను. అది 1937 నుండి అమ్ముడుపోవుచున్న డబ్బా మాంసపు పేరు. 1970 నాటి ఒక బ్రిటిష్ టెలివిజన్ హాస్యఘట్టములో ఆ మాటనే విసుగు పుట్టునట్లు మరల మరల పలుకుట వలన ఈ అర్థము వచ్చెను.

స్పామ్ ఎందుకు ఆగదో ఒక చిన్న లెక్క వలన తెలియును. ఒకడు 10 లక్షల మందికి ఉత్తరము పంపెననియు, లక్షకు ఒకరు చొప్పున 10 మంది కొనిరనియు అనుకొందము. ఖర్చు దాదాపు శూన్యము గనుక ఆ పదిమందియే లాభము. మిగిలిన 9,99,990 మంది ఒక్కొక్కరు దానిని చూచి చెరుపుటకు 2 సెకనులు పట్టినచో, మొత్తము సుమారు 555 గంటలు. అనగా 23 దినములకు పైగా. ఈ నష్టము పంపినవాని చిట్టాలో ఎక్కడను కనబడదు. ఇదే ఉత్తరమునకు బిళ్ల అంటింపవలసి యున్నచో అతడు ఆ పని తలపెట్టడు.

మరల బిళ్ల అంటించు యత్నము

అట్లయిన ఈ-మెయిలుకును ఒక బిళ్లను ఏర్పరచిన నేమి? ఈ ఆలోచన 1992లో సింథియా డ్వర్క్, మోనీ నావోర్ అను శాస్త్రజ్ఞులకు కలిగెను. డబ్బునకు బదులు శ్రమ చెల్లింపవలెను. 1997లో ఆడమ్ బ్యాక్ ఇదే మార్గమున 'హాష్‌క్యాష్' అను పద్ధతిని రూపొందించెను. ఉత్తరము పంపు కంప్యూటరు ముందుగా ఒక చిక్కులెక్కను విప్పవలెను. ఒక ప్రత్యేక గణితక్రియను మరల మరల చేసి, ఫలితములో మొదటి 20 ద్విసంఖ్యా స్థానములును సున్నలగు నట్టి సంఖ్యను వెదకవలెను. దానికి సగటున 2ను 20 మార్లు హెచ్చించిన లబ్ధము, అనగా 10,48,576 ప్రయత్నములు కావలెను. అందుకొన్న యంత్రము ఒక్క ప్రయత్నముతో దానిని సరిచూడగలదు.

ఉపాయము చక్కనిదే, కాని తపాలాలో నిలువలేదు. దొంగలు ఇతరుల కంప్యూటరులను రహస్యముగ లోబరచుకొని, ఆ శ్రమను వారిచేతనే చేయింపగలరు. తనను కోరిన వేలమందికి వార్తాలేఖ పంపు సజ్జనునికే భారము మిగులును. ఐనను ఈ ఆలోచన వృథా పోలేదు. 2008లో ప్రకటింపబడిన బిట్‌కాయిన్ అను డిజిటల్ ద్రవ్యము ఇట్టి శ్రమ లెక్కనే పునాదిగా గ్రహించెను.

లెక్కతో వడపోత

బిళ్ల కుదరకపోగా, వడపోత మిగిలెను. ఇచట 18వ శతాబ్దికి చెందిన థామస్ బేయస్ అను మతాచార్యుని సంభావ్యతా సిద్ధాంతము ఉపకరించెను. ఆయన మరణానంతరము 1763లో అది ప్రకటింపబడెను. 1998లో కొందరు పరిశోధకులు దానిని స్పామునకు అన్వయించిరి. 2002లో పాల్ గ్రాహమ్ వ్రాసిన వ్యాసము వలన అది బహుళ ప్రచారము పొందెను.

విద్యార్థులు ఈ లెక్కను తరగతిలో చేసి చూడవచ్చును. ఒకని పెట్టెలో 100 ఉత్తరములు కలవు. అందు 60 చెత్త, 40 మంచివి. 'లాటరీ' అను మాట చెత్తలో 30 ఉత్తరములందు, మంచివానిలో 1 ఉత్తరమునందు కన్పించినది. ఇపుడు ఆ మాట గల క్రొత్త ఉత్తరము వచ్చెను. ఆ మాట గల 31 ఉత్తరములలో 30 చెత్తవి గనుక, ఇదియు చెత్త యగుటకు సంభావ్యత 31లో 30. అనగా నూటికి సుమారు 97. ఇట్లే అనేక పదముల సాక్ష్యమును కూడి తీర్పు చెప్పవచ్చును. ఇందలి విశేష మేమనగా, ఎవరి పెట్టెకు తగిన లెక్క వారిదే. వైద్యుని పెట్టెలో మందుల పేర్లు మంచి గుర్తులు. మరియొకరి పెట్టెలో అవియే చెడ్డ గుర్తులు.

కాని ప్రతి జల్లెడలోను కొంత మంచి ధాన్యమును జారిపోవును. ఇక్కడనే చిన్న వర్తకునికి నిజమైన కష్టము వచ్చెను. దొంగలు వాడిన మాటలనే వాడి, దొంగల వలె ఒకేసారి పలువురికి వ్రాసినచో, అతని ఉత్తరము చెప్పాపెట్టకుండ చెత్తబుట్టకు పోవును. కొనుగోలుదారునికి అందదు, పంపినవానికి ఆ సంగతి తెలియదు.

చట్టము, ముద్ర, సమ్మతి

ప్రభుత్వములును పూనుకొన్నవి. ఐరోపా సమాజము 2002 నాటి ఆదేశములో, ప్రకటన పంపుటకు ముందు సమ్మతి పొందవలెనని విధించెను. తన వద్ద కొన్నవారికి అట్టి వస్తువులనే గూర్చి వ్రాయుటకు మాత్రము కొంత వెసులుబాటు నిచ్చెను. అమెరికాలో 2004 జనవరి 1 నుండి అమలైన చట్టము వేరు దారి తొక్కెను. తొలి ఉత్తరమునకు అనుమతి అక్కరలేదు; కాని పంపినవాని నిజమైన తపాలా చిరునామా ఉండవలెను, 'ఇక వద్దు' అన్నవారి కోరికను 10 పనిదినములలో మన్నింపవలెను. మన దేశమున 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, సమ్మతి స్వేచ్ఛగా నిచ్చినదై యుండవలెననియు, దానిని ఇచ్చుట ఎంత సులభమో వెనుకకు తీసికొనుటయు అంత సులభము కావలెననియు చెప్పుచున్నది.

1982 నాటి నియమావళి అడుగని ప్రశ్నను అడుగుటకు మూడు సాధనములు వచ్చినవి. మొదటిది ఎస్.పి.ఎఫ్. తన పేర ఏయే యంత్రములు ఉత్తరములు పంపవచ్చునో వర్తకుడు తన డొమైన్ పేరు క్రింద బహిరంగముగ ప్రకటించును. రెండవది డి.కె.ఐ.ఎం. ఇది లక్క ముద్ర వంటిది. రహస్య సంఖ్యతో ముద్ర వేయబడును. బహిరంగ సంఖ్యతో ఎవరైనను సరిచూడవచ్చును. నడుమ ముద్రలోని భాగము మార్చినచో ముద్ర చెడును. మూడవది డి.మార్క్. పై పరీక్షలలో తప్పిన ఉత్తరమును ఏమి చేయవలెనో అది తెలుపును. 2006 మొదలు 2015 వరకు ఇవి క్రమముగ పత్రరూపము దాల్చెను. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు పెద్దసంఖ్యలో ఉత్తరములు పంపువారికి ఈ మూడింటిని తప్పనిసరి చేసినవి. తన చిరునామాలకు దినమునకు 5,000 ఉత్తరములు పంపువారిని గూగుల్ ఈ తరగతిలో చేర్చినది. ఒక్క నొక్కుతో జాబితా నుండి తొలగు ఏర్పాటుండవలెను. ఫిర్యాదులు 1,000కి 3ను చేరరాదు. ఈ నిష్పత్తిని చిన్న సంఖ్యకు అన్వయించి చూడుడు. 300 మందికి వ్రాసినపుడు ఒక్కరు విసిగి ఫిర్యాదు చేసినను ఆ గీత దాటినట్లే.

చిన్న వర్తకునికి చరిత్ర చెప్పునది

కొండపల్లిలో బొమ్మలు చేసి అమ్ము ఒక కుటుంబమున్నదనుకొందము. వారి వద్ద కొన్న 300 మంది దేశదేశములందు కలరు. వారికి ఈ-మెయిల్ వ్రాయదలచినచో, పై చరిత్ర నుండి కొన్ని సూత్రములు వానంతటవే తేలుచున్నవి.

చిరునామాల జాబితాను ఎన్నడును కొనరాదు. థర్క్ వలె పుస్తకము నుండి ఏరినవారు మనలను ఎరుగరు. ఎరుగనివారి విసుగు, ఎరిగినవారికి వ్రాయు ఉత్తరములను సైతము చెత్తబుట్టకు ఈడ్చును. కొన్నపుడే 'మీకు వ్రాయవచ్చునా?' అని అడిగి, తేదీతో గుర్తుంచుకొనవలెను.

సొంత డొమైన్ పేరు పెట్టుకొని, పైన చెప్పిన మూడు సాధనములను అమర్చుకొనవలెను. ఈ పనిని బాడుగకు చేసిపెట్టు సంస్థలు కలవు. 2001లో అమెరికాలోని అట్లాంటాలో చిన్న వర్తకుల కొరకు పుట్టిన మెయిల్‌చింప్ అట్టిది. 2021లో అది సుమారు 1,200 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయెను. బాడుగ యింట నున్నను జాబితా ప్రతి యొకటి మన యొద్దనే యుండవలెను. బాడుగ ఇల్లు మారవచ్చును, కొనుగోలుదారులు మారరాదు.

'ఇక వద్దు' అను దారిని దాచరాదు. పోవువానికి తలుపు తీసినవాడే మర్యాదస్థుడు. తలుపు మూసినచో అతడు ఫిర్యాదు మార్గమున పోవును.

ఎందరు ఉత్తరము విప్పిరో లెక్కించి మురియరాదు. ఉత్తరములో కంటికి కనబడని బొమ్మ యొకటి పెట్టి, అది తెరువబడినపుడు లెక్కించుట పాత ఉపాయము. 2021 సెప్టెంబరులో ఆపిల్ సంస్థ తన తపాలా కార్యక్రమమునందు అట్టి బొమ్మలను ముందుగానే తెప్పించి యుంచు ఏర్పాటును ప్రవేశపెట్టెను. మనిషి విప్పకున్నను విప్పినట్లే లెక్క వచ్చును. నమ్మదగిన లెక్కలు రెండే: వచ్చిన ప్రత్యుత్తరములు, వచ్చిన ఆర్డర్లు.

చివరిది అన్నిటికన్న ముఖ్యము. చెప్పదగిన విషయము ఉన్నపుడే వ్రాయవలెను. పావు అణా కార్డు కొన్న వర్తకుడు అందలి జానెడు స్థలమును వృథా చేయలేదు. ఏ సరుకు వచ్చినది, ధర ఎంత, ఎప్పటికి చేరును అని వ్రాసి సంతకము చేసెను. ఆ పొదుపును అతనికి బిళ్ల నేర్పెను. ఈ-మెయిలుకు బిళ్ల లేదు గనుక, ఆ పొదుపును మనమే అలవరచుకొనవలెను.

శాస్త్రము జల్లెడలు పట్టినది, ముద్రలు వేసినది. చట్టము హద్దులు గీచినది. కాని ఒకరి తలుపు తట్టుటకు ముందు, వారి కాలమునకు వెలగట్టి చూచుకొనుట మనుష్యుని పని. రోలండ్ హిల్ రుసుమును పంపువాని చేతిలో పెట్టెను. యంత్రము దానిని మరల అందుకొనువాని నెత్తిన పెట్టెను. ఏ వర్తకుడు దానిని స్వచ్ఛందముగ తన భారముగ గ్రహించునో, అతని ఉత్తరము బేరంగు కాదు.